టీకా మేలు అందరిదైతే, నష్టం ఒక్క ఇంటిదేనా?

నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పల్లెల్లో బుధ, శనివారాలు వచ్చాయంటే అంగన్‌వాడీ దగ్గర తల్లులు చంటిబిడ్డలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటారు. ఏఎన్ఎం టీకా వేస్తుంది, కార్డు మీద రాస్తుంది, అరగంట ఆగి వెళ్లమంటుంది. ఆ రాత్రి బిడ్డకు కాస్త జ్వరం వస్తుంది, రెండో రోజుకు తగ్గిపోతుంది. కోట్ల మంది విషయంలో జరిగేది ఇంతే. అయితే లక్షల్లో ఒక ఇంట్లో ఇలా జరగదు. టీకా వేసిన కొద్ది రోజులకే బిడ్డ మంచం పడుతుంది, లేదా చనిపోతుంది. కారణం టీకాయేనా, కాదా అన్నది ఆ ఇంటివారికి ఎవరూ సరిగా చెప్పరు. అలాంటి కుటుంబానికి మన దేశంలో చట్టం ఏమిస్తుంది? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

మొదటే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది టీకాలకు వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. మశూచి ఈ భూమి మీద లేకుండా పోయింది టీకా వల్లనే. మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. కాళ్లు చచ్చుబడిన పిల్లలను ప్రతి ఊళ్లోనూ చూసిన తరం మన సంఘాల్లో ఇంకా ఉంది. ఆ పెద్దలను అడిగితే టీకా విలువ ఏమిటో చెబుతారు. అదే సమయంలో ఇంకో నిజం కూడా ఉంది. పోలియో చుక్కల వల్లనే, లక్షల డోసులకు ఒకసారి, బిడ్డకు పక్షవాతం వచ్చే అవకాశం ఉందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. మేలు ఎంత నిజమో ఆ అరుదైన కీడు కూడా అంతే నిజం. రెండింటినీ ఒప్పుకోగలిగినప్పుడే న్యాయం గురించి మాట్లాడగలం.

ఈ ప్రశ్న మనకు దూరపు సంగతి కాదు. సూర్యాపేటను ఆనుకొని ఉన్న ఖమ్మం జిల్లాలో 2009 జూలైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మందికి వేశారు. వారిలో గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఎందరో. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ అలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారని బయటికి వచ్చాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది.

తరువాత ఏం తేలింది? కేంద్రం వేసిన దర్యాప్తు సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. చనిపోయినవారిలో ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుమందు వల్ల, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారని, ఈ ఐదింటికీ టీకాతో సంబంధం లేదని చెప్పింది. మిగిలిన రెండు మరణాల కారణం అంత స్పష్టంగా తేలకపోయినా, టీకా వల్ల అయ్యే అవకాశం తక్కువేనని భావించింది. టీకా వేయించుకున్న తరువాత జరిగిన ప్రతి మరణమూ టీకా వల్లనే జరిగిందని అనుకోకూడదు. ఖమ్మం మనకు నేర్పే మొదటి పాఠం ఇది.

రెండో పాఠం ఇంకా చేదుగా ఉంటుంది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆంధ్రప్రదేశ్ సమ్మతి పత్రాల లెక్క బయటపెట్టింది. మొత్తం 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అంటే వేల మంది పిల్లల విషయంలో కన్నవారిని అడగనే లేదు. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి, ఎవరు చూసుకుంటారు అన్నది ఆ తల్లిదండ్రులకు తెలిసే దారే లేదు. మందు మంచిదే కావచ్చు. అడగకుండా వేయడం, ఆనక ఎవరూ జవాబు చెప్పకపోవడం మాత్రం మంచిది కాదు. ఈ వ్యవహారం మీద 2012లో సుప్రీంకోర్టులో కల్పనా మెహతా పేరుతో కేసు పడింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు పరిశీలించవచ్చా, లేదా అన్న ఒక్క ప్రశ్న తేలడానికే 2018 మే నెల దాకా పట్టింది. పరిశీలించవచ్చని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. భద్రాచలం మన్యంలోని ఒక తల్లి అన్నేళ్లు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోగలదా?

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకంటే, అదే క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఇవ్వవలసిన టీకా అది. పుణెలోని సీరం సంస్థ దేశంలోనే దాన్ని తయారుచేస్తోంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మన ఆడవారు ఎంతమంది నలిగిపోతున్నారో క్యాన్సర్ ఆస్పత్రి గడప తొక్కినవారికి తెలుసు. ఆ టీకా రావలసిందే. వచ్చేటప్పుడు ఖమ్మంలో లేనివి, అంటే తల్లిదండ్రుల నిజమైన సమ్మతి, నష్టపోయినవారికి చట్టబద్ధమైన పరిహారం, ఈ రెండూ దానితోపాటే రావాలి.

ఇక కోవిడ్ కాలానికి వద్దాం. టీకా తరువాత కూతుళ్లను పోగొట్టుకున్న ఇద్దరు, హైదరాబాద్‌కు చెందిన ఒక తల్లి, తమిళనాడుకు చెందిన ఒక తండ్రి, 2021లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్వతంత్ర వైద్య మండలితో విచారణ చేయించాలని, శవపరీక్ష నివేదికలు ఇవ్వాలని, పరిహారం ఇప్పించాలని కోరారు. 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది. అప్పటికి దేశంలో సుమారు 219.86 కోట్ల డోసులు వేశామని, టీకా తరువాత ఇబ్బంది కలిగినట్టు 92,114 కేసులు నమోదయ్యాయని, వాటిలో మరణాలతో సహా తీవ్రమైనవి 2,782 అని చెప్పింది. అంటే దాదాపు ఎనిమిది లక్షల డోసులకు ఒక్కటి. అవన్నీ టీకా వల్లనే జరిగాయని కూడా కాదు, టీకా తరువాత జరిగాయని మాత్రమే. ఆ మరణాలకు విచారం తెలుపుతూనే కేంద్రం రెండు మాటలు అంది. టీకా స్వచ్ఛందం, ఎవరినీ బలవంతం చేయలేదు అన్నది మొదటిది. ప్రభుత్వాన్ని నేరుగా బాధ్యులను చేయలేరు, కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు అన్నది రెండోది.

ఈ రెండు మాటలనూ కొంచెం పట్టి చూడాలి. కాగితం మీద టీకా స్వచ్ఛందమే. కానీ ఉద్యోగానికి, ప్రయాణానికి, చదువుకు సర్టిఫికెట్ చూపించమన్న రోజులు మనమెవరం మరచిపోలేదు. జాకబ్ పులియెల్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం 2022 మే 2న ఇచ్చిన తీర్పులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. అదే తీర్పు ప్రభుత్వ టీకా విధానం సహేతుకమేనని కూడా ఒప్పుకుంది. టీకా తరువాతి ఇబ్బందులను ప్రజలు నేరుగా నమోదు చేసుకునే వీలు కల్పించాలని, వాటి వివరాలను అందరికీ తెలిసేలా ఉంచాలని ఆదేశించింది.

సివిల్ కోర్టుకు వెళ్లవచ్చన్న మాట విన్నంత తేలిక కాదు. దావా వేసిన తండ్రి అక్కడ నిరూపించవలసినవి రెండు. బిడ్డకు జరిగినది టీకా వల్లనే అన్నది ఒకటి. ఎవరో నిర్లక్ష్యం చేశారన్నది రెండోది. మొదటిది తేల్చడానికే నిపుణులకు నెలలు పడుతుంది. ఇక రెండోదానికి వస్తే, చాలాసార్లు ఎవరి నిర్లక్ష్యమూ ఉండదు. మందు మంచిదే, వేసినది సరిగానే, ఏఎన్ఎం తప్పేమీ లేదు. అయినా లక్షల్లో ఒక శరీరం దాన్ని తట్టుకోలేదు. తప్పు లేనిచోట తప్పు నిరూపించమంటే ఎవరు నిరూపించగలరు? పోనీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే వైద్యం ఆ చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేసే టీకా ఉచితమే కదా.

ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. కొత్త మందును ప్రయోగ దశలో తీసుకున్న మనిషికి హాని జరిగితే, 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం అందాలి. ప్రయోగం వల్లనే హాని అని తేలితే పరిహారం ఇవ్వాలి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌కు 2021 జనవరిలో అనుమతి ఇచ్చినప్పుడు, దాన్ని క్లినికల్ ట్రయల్ పద్ధతిలోనే వేయాలన్నారు. అందుకని వేయించుకునేవారి చేత సంతకం చేయించుకున్న పత్రంలో, టీకా వల్లనే తీవ్ర హాని జరిగిందని తేలితే కంపెనీ పరిహారం ఇస్తుందని రాసి ఉంది. మార్చిలో ఆ షరతు ఎత్తేశారు. ఇక ఆ పత్రం అవసరం లేకపోయింది. జనవరిలో వేయించుకున్నవారి చేతిలో పరిహారం మాట ఉంది, ఏప్రిల్‌లో వేయించుకున్నవారి చేతిలో లేదు. మందు అదే, మనుషులూ అలాంటివారే. మారినది ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు.

అసలు ఎవరి తప్పూ నిరూపించకుండా పరిహారం ఇవ్వడం మన చట్టాలకు కొత్తదా? కాదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడల మధ్య ఒక గుర్తు తెలియని లారీ మనిషిని కొట్టి పోయిందనుకోండి. డ్రైవర్ దొరకడు, బండి నంబరు తెలియదు. అయినా మోటారు వాహనాల చట్టం కింద మరణిస్తే 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయమైతే 50 వేలు ఆ కుటుంబానికి రావాలి. రైలు ప్రమాదంలోనూ రైల్వే తప్పు ఉందని చూపించనక్కరలేదు. రోడ్డు, రైలు అందరికీ కావాలి, వాటివల్ల నష్టపోయిన కొద్దిమందిని అందరం కలిసి ఆదుకోవాలి అన్నదే ఆ చట్టాల వెనుక ఉన్న ఆలోచన.

అంతదూరం ఎందుకు, మన సాగర్‌నే చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో లక్షల ఎకరాలు పండాయి. కృష్ణ లోయలో ఉన్న ఊళ్లు మునిగిపోయాయి. భూములు పోయినవారిని, ఇంజనీరు ఏం నిర్లక్ష్యం చేశాడో నిరూపించి రండి అని ఎవరూ అనలేదు. భూసేకరణ చట్టం కింద పరిహారం కట్టారు. అది చాలిందా, సకాలంలో అందిందా అన్నది వేరే చర్చ. ఊరందరి మేలు కోసం కొందరు నష్టపోతే ఆ నష్టం ఊరందరిదీ అన్న సూత్రాన్ని మాత్రం ఎవరూ కాదనలేదు. భూమి మునిగితే ఒప్పుకున్న సూత్రాన్ని, బిడ్డ పోయినప్పుడు ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడాలి?

వేరే దేశాలు ఈ పని ఎప్పుడో చేశాయి. జర్మనీ 1961లోనే చట్టం తెచ్చింది. బ్రిటన్‌లో 1979 చట్టం ప్రకారం, టీకా వల్ల 60 శాతానికి తగ్గకుండా వైకల్యం వస్తే ఒకేసారి 1,20,000 పౌండ్లు ఇస్తారు. అమెరికా 1986లో చట్టం చేసి, 1988 నుంచి ప్రతి టీకా మీద, అది నివారించే ఒక్కొక్క జబ్బుకు 75 సెంట్ల చొప్పున పన్ను వేసి ఒక నిధి పెట్టింది. ఇప్పటిదాకా అందులోంచి 500 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు. ఆ దేశాల్లో అంతా సవ్యంగా ఉందని కాదు. బ్రిటన్‌లో 60 శాతం గీత కింద పడినవారికి ఏమీ రాదు. అమెరికాలో కోవిడ్ టీకాలను వేరే పథకం కింద పెట్టగా, అందులో పరిహారం దొరికినవారు చాలా కొద్దిమందే. మనం వారి మంచిని తీసుకోవచ్చు, లోపాలను వదిలేయవచ్చు. పేద దేశాలకు టీకాలు పంపిన కోవాక్స్ కార్యక్రమం కూడా 92 దేశాల కోసం 2021లో ఇలాంటి పరిహార పథకమే పెట్టింది. కాబట్టి ఇది ధనిక దేశాలకే సాధ్యమన్న మాట నిలవదు.

కొందరికి ఒక భయం ఉంటుంది. పరిహారం ఇస్తే టీకా ప్రమాదకరమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా, జనం టీకాలు మానేయరా అని. నిజానికి జరుగుతున్నది దీనికి తలకిందులు. జనం భయపడుతున్నది మౌనం చూసి. ఆస్ట్రాజెనెకా టీకా చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు తేగలదని ఆ కంపెనీ లండన్ కోర్టులో ఒప్పుకున్నట్టు 2024 ఏప్రిల్‌లో వార్త వచ్చింది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసినది ఆ టీకానే. ఎన్ని వాట్సాప్ గ్రూపులు ఆ రోజు అట్టుడికిపోయాయో మీరు చూశారు. కానీ మన కేంద్ర కమిటీ 2021 మే నెలలోనే ఆ సంగతి చెప్పింది. అప్పటికి పరిశీలించిన 498 తీవ్రమైన కేసుల్లో 26 అలాంటివి కావచ్చని, పది లక్షల డోసులకు 0.61 చొప్పున వస్తున్నాయని లెక్కతో సహా ప్రకటించింది. ఆ మాట ఊళ్లదాకా చేరలేదు, నష్టపోయినవారికి ఒక దారీ చూపించలేదు. అందుకే మూడేళ్ల తరువాత అది కొత్త రహస్యంలా పేలింది. నిజం చెప్పి, చెయ్యి పట్టుకొనే ప్రభుత్వాన్ని జనం నమ్ముతారు.

ఇంకో అనుమానం, ప్రతి మరణానికీ డబ్బు అడుగుతారేమో అని. దానికి తేల్చే పద్ధతి ఇప్పటికే ఉంది. టీకా తరువాత ఏదైనా తీవ్రంగా జరిగితే జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో ఏఈఎఫ్‌ఐ కమిటీలు పరిశీలిస్తాయి. మందు స్వభావం వల్ల జరిగిందా, మందు నాణ్యత లోపమా, వేసినవారి పొరపాటా, భయం వల్ల కళ్లు తిరిగాయా, లేక టీకాతో సంబంధం లేని వేరే జబ్బా అని చూస్తాయి. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో టీకా వేసిన పసిపిల్లలకు జ్వరం మాత్రకు బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ఇవ్వడంతో పసికందులు చనిపోయారు. టీకాది తప్పు కాదు, పంచినవారి పొరపాటు. తల్లికి ఆ తేడా ఏం ఓదార్పు? కోవిడ్ టీకా తరువాత అనాఫిలాక్సిస్ అనే తీవ్ర అలర్జీతో ఒక పెద్దాయన మరణించారని, అది టీకా వల్లనే అని ఆ జాతీయ కమిటీయే 2021లో తేల్చింది. కారణం తేల్చే యంత్రాంగం ఉన్నప్పుడు, తేలిన తరువాత ఆదుకునే చట్టం కూడా ఉండాలి కదా.

అలాంటి చట్టంలో ఏముండాలి? వైద్యం ఖర్చు విచారణ ముగిసేదాకా ఆగకుండా మొదటి రోజు నుంచే ప్రభుత్వం భరించాలి. ఏ టీకాకు ఏ హాని వస్తుందని సైన్సు ఒప్పుకుందో ఒక పట్టిక ఉండాలి. ఆ హాని, చెప్పిన రోజుల్లోపల కనబడితే వేరే రుజువు అడగకుండా చెల్లించాలి. నిర్ణయానికి గడువు ఉండాలి. టీకాలు వేయించే శాఖే తీర్పరి కాకుండా, బయటి వైద్యులు, న్యాయం తెలిసినవారు కమిటీలో ఉండాలి. శవపరీక్ష నివేదిక, కమిటీ నివేదిక కుటుంబానికి తెలుగులో ఇవ్వాలి. నచ్చకపోతే కోర్టుకు వెళ్లే హక్కు తెరిచి ఉంచాలి.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో ఒక నియమం ఉంది. పొలంలో ఒక మనిషి హతుడై పడివుండి, చంపినది ఎవరో తెలియకపోతే, చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. దగ్గరగా ఉన్న ఊరి పెద్దలు ముందుకు వచ్చి ఆ మరణం విషయంలో దేవుని యెదుట నిలబడాలి. వారు చంపలేదు, అయినా తప్పించుకుపోవడానికి వీల్లేదు. మంచి సమరయుడూ అంతే. దారిలో కొట్టినది అతను కాదు. అయినా గాయాలు కట్టి, సత్రం ఖర్చు తానే ఇచ్చాడు, ఇంకా ఎక్కువైతే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. తప్పు ఎవరిదని విచారించకముందే గాయపడినవానిని ఆదుకోవడం మన విశ్వాసానికి కొత్త సంగతి కాదు.

కాబట్టి సంఘాలుగా మనం చేయగలిగినవి ఉన్నాయి. కాపరులు ప్రసంగ వేదిక మీద నుంచి టీకాల మీద వదంతులు చెప్పకూడదు. తెలియని విషయం సాక్ష్యంగా పలకడం అబద్ధ సాక్ష్యమే. అలాగే, బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాన్ని దేవుని చిత్తమని ఒక్క మాటతో ఇంటికి పంపకూడదు. టీకా కార్డు జాగ్రత్తగా ఉంచుకోమని చెప్పండి. టీకా తరువాత మూర్ఛ, ఊపిరాడకపోవడం, తగ్గని తలనొప్పి, స్పృహ తప్పడం కనబడితే వెంటనే 108కి ఫోన్ చేసి, ఏఎన్ఎంకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పి, ఏఈఎఫ్‌ఐ కింద నమోదు చేయమని అడగాలి. మరణం జరిగితే, ఎంత కష్టమైనా శవపరీక్షకు ఒప్పుకోవాలని నెమ్మదిగా నచ్చజెప్పాలి. అది లేకపోతే తరువాత ఏదీ తేలదు. సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆ గుమ్మం దాకా వారి వెంట నడిచేవారు సంఘంలో ఒక్కరైనా ఉండాలి.

ఇక మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు శుభాకాంక్షలు చెప్పడానికి మందిరాలకు వస్తూనే ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు శాలువా కప్పే ముందు ఒక ప్రశ్న అడుగుదాం. గుర్తు తెలియని లారీ కొడితే ఆదుకునే చట్టం ఉంది, దేశం కోసం వేయించుకున్న టీకా హాని చేస్తే ఆదుకునే చట్టం ఎప్పుడు చేస్తారు?